నల్లమాడలో నాకు పెట్టిన పేరు

మా పెళ్ళి హైదరాబాదులో రిజిస్ట్రారు ఆఫీసులో జరిగింది. నాది అమలాపురం, సరళది అనంతపురం జిల్లా నల్లమాడ. ఆమె తరఫున ఒక్కరూ రాలేదు. తండ్రి చిన్నప్పుడే పోతే ఆమెను పెంచింది పెదనాన్న నారాయణరెడ్డిగారు, రిటైరైన ఇంగ్లీషు మాస్టారు. కొన్నాళ్ళకు, 2003 వేసవిలో, ఆయనే ఫోన్ చేసి, "అల్లున్ని పిల్చకరా, చూస్తాం" అన్నారు. ఆ "చూస్తాం"లో ఏముందో తేల్చుకోవడానికే ఈ ప్రయాణం. ఇంటికొచ్చిన ప్రతి కొత్త అల్లుణ్ణీ ఆయన ఎవరూ వాడని ఇంగ్లీషు మాట ఒకటి చెప్పి అర్థం అడుగుతారని సరళ ముందే హెచ్చరించింది. వారం రోజులు డిక్షనరీ వదల్లేదు నేను.

రాత్రి బస్సులో బయల్దేరితే తెల్లవారేసరికి అనంతపురం. బస్టాండు దగ్గరే ఉగ్గాని, బజ్జీ తిని కదిరి బస్సెక్కాం. ముదిగుబ్బ మీదుగా రెండున్నర గంటల పైమాటే, టికెట్టు ముప్పై చిల్లర. దారంతా ఎర్రనేల, రాళ్ళగుట్టలు, వానకోసం దున్ని పెట్టుకున్న చేలు. కాలువల మధ్య పుట్టినవాణ్ణి కదా, "ఇక్కడ కాలువలు ఎక్కడుంటాయండీ?" అని కండక్టర్ని అడిగాను.

"కాలవలా? కణేకల్ పక్క ఉండాయి. నువ్వు రాంగు బస్సెక్కినావప్పా" అన్నాడు ఆయన, టికెట్టు చింపుతూ.

కదిరిలో బస్సు మారి నల్లమాడ చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. పెదనాన్నగారు వసారాలో కూర్చుని ఉన్నారు. నమస్కారం పెట్టిన చేతులు దించకముందే, "కాంటాంకరస్ అంటే ఏమప్పా?" అన్నారు.

"ఊరికే కయ్యానికి కాలుదువ్వేవాడండీ" అన్నాను.

ఆయన ముఖం వాడిపోయింది. "కరెక్టే" అని లోపలికి వెళ్ళిపోయారు.

అప్పట్నుంచీ నాకు రాచమర్యాదలు. ఫ్యాను కింద కుర్చీ, గాజు గ్లాసులో మజ్జిగ, అందరి నోటా "మీరు". బయట పందిట్లో పాత అల్లుళ్ళిద్దరూ విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తూ పడీపడీ నవ్వుతున్నారు. వాళ్ళను ఇంట్లోవాళ్ళు సోమన్నా, గారెలూ అని పిలుస్తున్నారు. అవేం పేర్లని సరళను అడిగాను. పెద్దల్లుడికి ఎప్పుడూ నిద్రే, అందుకని పెదనాన్న అతనికి సోమ్నలెంట్ అని పేరు పెట్టారట. ఊరి నోట్లో పడి సోమన్న అయ్యాడు. రెండోవాడు మాట్లాడితే ఆపడు కాబట్టి గార్యులస్. ఆ మాట నూనెలో వేగి గారెలైంది.

"అర్థం తెలీనోళ్ళకే పెదనాయన పేరు పెడతాడు. పేరుండేవాడు ఇంటోడు. నువ్వు పాసైనావు, ఇంక చుట్టానివే" అంది సరళ జాలిగా.

సాయంత్రం దాకా చుట్టంగానే కూర్చున్నాను. ఎవరూ ఒక్క పని చెప్పలేదు. దాహమై వంటింటి గుమ్మం దాకా వెళితే, పెద్దత్తగారు నాగమ్మగారు వెనక్కి తిరక్కుండానే, "దొడ్లో ఎర్రగడ్డలుండాయి, నాలుగు తీసకరా నాయనా" అన్నారు. నాకు చెప్పిన మొదటి పని. పరుగెత్తాను. దొడ్డినిండా ఎర్రమట్టి గడ్డలే. పొయ్యి అలకడానికి కాబోలనుకుని, గుండ్రంగా ఉన్నవి ఏరి, పళ్ళెంలో పెట్టి అందించాను.

కత్తిపీట ముందు కూర్చున్న ఆవిడ పళ్ళెం వైపు చూశారు, నా వైపు చూశారు. "ఏమప్పా, మన్ను తరగమంటావా?"

మేము ఉల్లిపాయలనేవాటిని అక్కడ ఎర్రగడ్డలంటారని అప్పుడు తెలిసింది. గారెలు ఆ వార్తను ఇల్లంతా చాటాడు. సోమన్న కూడా నిద్ర లేచి వచ్చాడు. చివరికి పెదనాన్నగారు వచ్చి పళ్ళెంలోని మట్టిని పరీక్షగా చూసి, "డిస్కంబాబ్యులేటెడ్" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, కొంచెం ఆశగా, "దీనర్థం తెలుసునా?" అని అడిగారు.

తికమకపడి దిక్కుతోచనివాడని అర్థం. ఆ వారంలో రెండుసార్లు చదివాను.

"తెలియదు మామా" అన్నాను.

ఆయన నా భుజం మీద చెయ్యేశారు. "పోయి శెనక్కాయలు ఒలుచుపో."

తెల్లారేసరికి ఆ పేరు ఊళ్ళో డిస్కంబాబుగా స్థిరపడింది. కరెంటు కంపెనీని డిస్కం అనడం అప్పుడప్పుడే అలవాటవుతున్న రోజులు. ఒక ముసలి రైతు పొద్దున్నే గడపలోకి వచ్చి, "డిస్కం బాబంటే నువ్వేనా? మా బోరుకు కరెంటు ఎప్పుడిస్తావు?" అని నిలదీశాడు.

"నేను కరెంటు మనిషిని కాదు తాతా. ఆ మాటకు తికమకపడ్డవాడని అర్థమంట."

"అదే లేప్పా. కరెంటోళ్ళంతా అట్లనే ఉండారు" అన్నాడాయన.

ఒక ఇంట్లో కలవాలంటే మనకెంత తెలుసో చూపించుకోవాలని అంతవరకూ అనుకునేవాణ్ణి. నల్లమాడలో నా చదువు నన్ను కుర్చీ వరకే తీసుకెళ్ళింది. పందిట్లోకి పిలిచింది నా తెలివితక్కువతనమే. మూడు రోజులు ఉండి, వేళ్ళు బొబ్బలెక్కేదాకా కాయలు ఒలిచి, అందరి చేతా నువ్వు అనిపించుకుని తిరుగుబస్సెక్కాను. మీరూ అటు వెళితే ఒక్క సలహా: వేసవి మధ్యాహ్నం కదిరి బస్సులో కిటికీ సీటు కోసం పోట్లాడకండి. బయటినుంచి కొట్టేది గాలి కాదు, సెగ.