ఇరవై ఆరో సబ్జెక్టు

చేతికి మైకు అందితే చాలు, డెస్మండ్ పికర్స్‌గిల్ లేనివాటిని కూడా ఉన్నట్టే చెప్పేయగలడు. ఆయన పుట్టింది సాల్ట్‌బీలో, చదివింది సాల్ట్‌బీ సెకండరీ స్కూల్లో, ఫ్రెంచి మాస్టారుగా చేరిందీ అక్కడే. ఏళ్ల తరబడి ఫ్రెంచి చెప్పాడు. నేర్చుకునేవాళ్లు ఏటికేడు తగ్గిపోయి, చివరికి బడివాళ్లు ఫ్రెంచినే ఎత్తేశారు. అప్పటికే ఉప ప్రధానోపాధ్యాయుడు కావడంతో ఇంటికి పంపడానికి మొహమాటపడి, సిక్స్త్ ఫారాన్ని ఆయనకు అంటగట్టారు.

పదహారేళ్లు నిండాక, యూనివర్సిటీకి వెళ్లేలోపు చదివే రెండేళ్ల చదువది. అది ఇక్కడే చదవాలన్న నిర్బంధం ఎవరికీ లేదు. పక్క ఊళ్లో అద్దాల గోడల కాలేజీ ఒకటి వెలిసింది. లోపల కాఫీ కొట్టు ఉందట, టీచర్లను పేర్లు పెట్టి పిలవొచ్చట. సాల్ట్‌బీ పిల్లలు తండోపతండాలుగా బస్సెక్కి అటే పోతున్నారు. వాళ్లను బస్సెక్కనీయకుండా పట్టుకోవడమే డెస్మండ్ ఉద్యోగం.

ఏటా నవంబరులో ఒక సాయంత్రం తల్లిదండ్రుల్ని పిలిచి, బిస్కెట్లు పెట్టి, బడిలో ఏమేం దొరుకుతాయో చెప్పేవారు. చెప్పేది డెస్మండే. “మా దగ్గర ఇరవై ఆరు సబ్జెక్టులు! కత్తిసాము! జపనీస్! నాయకత్వ శిక్షణ! సొంతంగా చదువుకోవడానికి ప్రత్యేక కేంద్రం!” అంటూ ఊగిపోయేవాడు. కత్తులు నిజంగానే రెండున్నాయి, బీరువాలో. వాటిని పట్టడం తెలిసిన మాస్టారు రిటైరై స్పెయిన్ వెళ్లిపోయాడు. టోక్యోలో వారం రోజులు తిరిగొచ్చిన లెక్కల టీచరు పేరు చెప్పుకుని జపనీస్ బతుకుతోంది. నాయకత్వ శిక్షణంటే మధ్యాహ్నం చొక్కాకి బిళ్ల తగిలించుకుని, చిన్నపిల్లల భోజనాల వరసను అదుపు చేయడం. ప్రత్యేక కేంద్రం పాత కమ్మరపు పనిగదే. ఇనుప వాసన పోలేదు గానీ నేలమీద మూడు మెత్తటి దిండ్లు పరిచారు.

ఆ ఏడు ఇరవై ఆరో సబ్జెక్టుగా భూగర్భశాస్త్రం చేర్చాడు. ఇరవై అయిదు కన్నా ఇరవై ఆరు బాగా వినిపిస్తుందనే తప్ప ఇంకో కారణం లేదు.

సభ అయ్యాక, చేపల వేపుళ్ల కొట్టు నడిపే మిసెస్ గ్రేషన్ మనవరాలిని వెంటబెట్టుకుని ముందుకొచ్చింది. డెస్మండ్ నిక్కర్లేసుకున్న రోజుల నుంచీ ఆవిడకు తెలుసు.

“ఏమయ్యా డెస్మండ్, ఇందాక భూగర్భం అన్నావు. నిజంగా చెప్తారా? లేక నోటికొచ్చింది అనేశావా?”

“భలేదానివే ఆంటీ! సముద్రం ఒడ్డునున్న ఊరు మనది. మనం చెప్పకపోతే ఇంకెవరు చెప్తారు?”

మనవరాలు టాంసిన్ నవ్వలేదు. “మా మామ్మ పెరడు ప్రతి చలికాలం కొంచెం కొంచెం సముద్రంలోకి జారిపోతోంది సార్. పోయినేడు కంచె పోయింది. ఎందుకిలా అవుతోందో నాకు తెలియాలి,” అంది.

“తెలుస్తుందమ్మా, అన్నీ తెలుస్తాయి,” అని డెస్మండ్ ఆ పిల్ల చేతిలో ఇంకో బిస్కెట్టు పెట్టాడు.

సెప్టెంబరులో టాంసిన్ వచ్చి ఎదుట కూర్చునేసరికి ఆయన గబగబా మిగతా సబ్జెక్టుల జాబితా తీశాడు.

“చూడమ్మా, నీలాంటి చురుకైన పిల్లకి పర్యాటక రంగం సరిగ్గా సరిపోతుంది.”

“నాకు భూగర్భం కావాలి సార్.”

“వ్యాపార నిర్వహణ? దాంట్లో మంచి భవిష్యత్తు...”

“మీరు చెప్తామన్నారు సార్. మా మామ్మ ఎదుటే అన్నారు. పిలుచుకు రమ్మంటారా ఆవిణ్ణి?”

డెస్మండ్ నేరుగా ప్రధానోపాధ్యాయురాలు ఫిలిప్పా వేర్ గదికి పరుగెత్తాడు. ఆవిడ కంప్యూటర్ మీంచి తల తిప్పకుండానే విషయమంతా వింది.

“ఆ పిల్ల కూడా కాలేజీకి పోతే మన సంఖ్య పడిపోతుంది, సిక్స్త్ ఫారం మూతపడుతుంది. టీచరు కోసం ఎక్కడ వెతుకుతావు? పాఠం నువ్వే చెప్పు.”

“నేనా? నాది ఫ్రెంచి, ఫిలిప్పా!”

“రాళ్లకి ఏ భాషైనా ఒకటేలే,” అందావిడ.

అలా యాభై మూడో ఏట డెస్మండ్ రాళ్ల పుస్తకం పట్టాడు. పిల్లకంటే ఒక్క పాఠం ముందుంటే పరువు దక్కుతుందని ఆయన లెక్క. మొదటి క్లాసులోనే ఆ పరువు కాస్తా పోయింది. బల్లమీదున్న తెల్లటి ముక్కనొకదాన్ని ఠీవిగా పైకెత్తి, “ఇదీ సున్నపురాయి. కోట్ల ఏళ్ల నాటిది,” అన్నాడు.

టాంసిన్ దాన్ని అందుకుని తిప్పి చూసి, తలెత్తి పైకప్పు వైపు చూసింది. “సార్, ఇది పైనుంచి ఊడిన ప్లాస్టరు.”

ఆయన కూడా తలెత్తి పైకప్పు చూశాడు. మొహం కందగడ్డలా అయింది. అరవాలో నవ్వాలో పాలుపోలేదు. చివరికి, “అయితే పుస్తకం తెరువు. ఇద్దరం కలిసే చూద్దాం,” అన్నాడు. లోపల మాత్రం ఒక్కటే ఆలోచన: ఈ పిల్ల రేపే బస్సెక్కి కాలేజీకి పోతే బాగుండు. ఆ పిల్ల పోలేదు. అడిగిందానికి జవాబు దొరక్కపోతే మర్నాడు మళ్లీ అదే అడిగేది. పాపం, ఆయనకు శని ఆదివారాలు కూడా లేకుండా పోయాయి. సూటూ టైతో సభల్లో తిరిగే మనిషి, చేతిలో సుత్తితో కొండవాలుల వెంట తిరుగుతుంటే ఊరు ముక్కున వేలేసుకుంది.

ఫిబ్రవరిలో మిసెస్ గ్రేషన్ ఇంటి కింద కొండచరియ విరిగిపడింది. చూడ్డానికి ఇద్దరూ ఒడ్డుకి దిగారు. వాన అప్పుడే వెలిసింది. “మంచుయుగం వదిలేసి వెళ్లిన బంకమట్టి ఇది. దీని స్వభావం ఏమిటంటే...” అంటూ డెస్మండ్ కాలు ముందుకు వేశాడు. దాని స్వభావం వెంటనే అర్థమైంది. మోకాళ్లు దాటి తొడల దాకా దిగబడిపోయాడు. లాగేకొద్దీ ఇంకా కిందికి పోతున్నాడు.

“కదలకండి సార్! వెనక్కి వాలండి, కూర్చున్నట్టు! కాళ్లు మెల్లగా ఆడించండి!”

“అలలొస్తున్నాయే టాంసిన్!”

“వస్తాయి సార్, సముద్రం కదా! మీరు వాలండి ముందు!”

పైనుంచి ముసలావిడ తాడు విసిరింది, దాంతోపాటు నోరూ విసిరింది. “ఒరే డెస్మండ్! మీ అమ్మ బతికుంటే నిన్ను అక్కడే వదిలెయ్యమనేది!” ఒక బూటు మట్టికి వదులుకుని, పొట్టమీద పాకుతూ ఆయన గట్టెక్కాడు. ఆ తర్వాత కొట్లో దుప్పటి కప్పుకుని, వేడి చేపముక్కలు తింటూ, వణుకుతూనే అడిగాడు: “నీళ్లు పైనుంచి ఇంకుతాయి కదా, మరి అడుగున మట్టి ఎందుకు జారింది?” ముందు ఒడ్డు బరువెక్కుతుందనీ, అడుగును అల తొలిచేస్తుందనీ టాంసిన్ బల్లమీద ఉప్పు పోసి చూపించింది. కాదు కాదు, ఇలా అని ఆయన వెనిగర్ సీసా అందుకున్నాడు. ఇద్దరూ అరుచుకుంటుంటే, కొట్టు మూసే వేళైందని ముసలావిడ దీపాలార్పేసింది. పాఠం చెప్తూ తనను తాను మరిచిపోవడం డెస్మండ్‌కు ఎన్నేళ్ల తర్వాతో.

ఆ రెండేళ్ల చదువూ పూర్తయింది. ఆగస్టులో ఫలితాలొచ్చాయి. టాంసిన్ మంచి గ్రేడుతో పాసై, అదే శాస్త్రం చదవడానికి యూనివర్సిటీలో సీటు తెచ్చుకుంది. మామ్మ పెరడు మాత్రం ఆగలేదు. ఎందుకు పోతోందో ఇప్పుడు ఇంటిల్లిపాదికీ తెలుసు, అంతే. మిసెస్ గ్రేషన్ కొట్టుమీది గదిలోకి మారిపోయింది.

వారం తిరక్కుండా ఫిలిప్పా బడి గేటుకి బ్యానరు కట్టించింది: “భూగర్భశాస్త్రంలో నూటికి నూరు శాతం ఉత్తీర్ణత!” పరీక్ష రాసింది ఎందరన్నది బ్యానరు చెప్పలేదు.

ఆ నవంబరులో డెస్మండ్ మళ్లీ మైకు ముందు నిలబడ్డాడు. హాలు నిండిపోయింది. “మా దగ్గర ఇరవై ఆరు...” అని ఆగాడు. ముందు వరసలో ఒక పిల్ల పెన్ను పట్టుకుని, ఆయన చెప్పే ప్రతి మాటా నమ్మేట్టు చూస్తోంది.

“జపనీస్ లేదమ్మా,” అన్నాడు. “కత్తిసాము కూడా లేదు. ఇరవై ఆరులో ఓ పద్నాలుగున్నాయి. వాటిలో తొమ్మిది బాగా చెప్తాం. భూగర్భం ఉంది. చెప్పేది నేనే. నాకూ అంతంత మాత్రమే వచ్చు, కానీ ఉంది.”

హాలంతా గొల్లుమంది. ఫిలిప్పా మాత్రం నవ్వలేదు. మర్నాడే పిలిచి, “అలిసిపోయినట్టున్నావు డెస్మండ్. ఈ ప్రచారం బరువు నీకెందుకులే,” అని మైకును వ్యాయామం మాస్టారికి అప్పగించింది. ఆయన కుర్రాడు, గొంతు గట్టిది. రానున్న ఏడాదికి సముద్ర జీవశాస్త్రం కూడా ఉంటుందని వచ్చీ రాగానే ప్రకటించేశాడు.

ఉప ప్రధానోపాధ్యాయుడన్న పలక డెస్మండ్ తలుపుమీద అలాగే ఉంది, పని మాత్రం పోయింది. సెప్టెంబరులో భూగర్భానికి ఏడుగురు చేరారు. మొదటిరోజు ఆయన టై లేకుండా, బురద పట్టిన బూట్లతో క్లాసుకొచ్చి, పేర్లయినా అడగకుండా సంచిలోంచి రాళ్లు బల్లమీద కుమ్మరించాడు.

“ఏది ఏమిటో నాకూ తెలియనివి వీటిలో మూడున్నాయి,” అన్నాడు. “పట్టుకోండి చూద్దాం.”