మచ్చ లేని కార్డు

ఇప్పుడంటే ఏది కావాలన్నా ఫోన్‌లో వేలు ఆనిస్తే సాయంత్రానికల్లా గుమ్మంలో ఉంటోంది గానీ, ఆ రోజుల్లో ఒక వస్తువు కోసం ఎదురుచూడటంలోనే సగం సుఖం ఉండేది. ఆ సుఖం నాకు పరాయి దేశంలో, పార్సిప్పనీ అనే ఊళ్లో అలవాటైంది. ఉద్యోగం కొత్త, వీసా కొత్త, డ్రైవింగ్ మరీ కొత్త (పార్కింగ్ లాట్‌లో నా కారు కదిలితే చాలు, జనం ఆగి దారిచ్చేవారు, మర్యాదతో కాదు, ప్రాణభయంతో). పిన్ని వాళ్లింట్లో ఉండి ఆఫీసుకు వెళ్లొచ్చేదాన్ని. ఆ వయసు అమ్మాయిలు చీరల మీదో నగల మీదో మనసు పడతారు. నేనేమో ఎప్పుడో కాలం చేసిన ఒక బేస్‌బాల్ ఆటగాడి అట్టముక్క మీద మనసు పడ్డాను.

దీనికంతటికీ కారకుడు ఆఫీసులో నా పక్క సీటాయన. ఎండైనా వానైనా, ఆఖరికి మేనేజర్‌తో మీటింగైనా, నెత్తిన బేస్‌బాల్ టోపీ ఉండాల్సిందే. అందుకని మనసులో ఆయన్ని టోపీ మావయ్య అనుకునేదాన్ని. పాత బేస్‌బాల్ కార్డులంటే ఆయనకు ప్రాణం. అరచేతిలో పట్టే అట్ట, ముందు ఆటగాడి బొమ్మ, వెనక అతని ఆట వివరాలు, అంతే. వాటిని వేలం వేసే కంపెనీ ఒకటి పెళ్లి ఆల్బమంత మందాన కాటలాగ్ అచ్చేసి పోస్టులో పంపేది. అది చూసుకుని, ఫోన్ చేసి మన పాట చెప్పాలి. గడువు రోజు సాయంత్రానికి ఎవరి పాట పైనుంటే వస్తువు వాళ్లది. లంచ్‌లో నా పులిహోర రుచి చూసిన కృతజ్ఞతతో ఆయన ఒక కాటలాగ్ నా చేతిలో పెట్టాడు. ఆటలో ఓనమాలు రాకపోయినా దాన్ని నవలలా చదివాను. ఒక్కో కార్డు కింద దాని లోపాలన్నీ రాసేవారు: కుడి మూల కాస్త మెత్తబడింది, వెనక సన్నని పెన్సిల్ గీత ఉంది, అంచు వెలిసింది. (మన పెళ్లి సంబంధాల వాళ్లకు ఇందులో పదోవంతు నిజాయితీ ఉన్నా నా జీవితంలో చాలా ఆదివారాలు మిగిలేవి.)

అందులో ఒక కార్డు మీద కనబడ్డాడు ఆయన. బంతి విసిరేవాడు, ఎడమచేతి వాటం, గొప్పవాడేమీ కాదట. ఎవరో రమ్మంటే వచ్చి కెమెరా ముందు నిలబడి, ఇక వెళ్లొచ్చాండీ అని అడగబోతున్నట్టు పక్కకి చూస్తూ సిగ్గుగా నవ్వుతున్నాడు. కొత్త ఆఫీసులో, అందరూ గలగలా మాట్లాడుకునే చోట, నేను నిలబడేదీ సరిగ్గా అలాగే. నాలాంటి మనిషి ఈ దేశంలో నాకంటే ముందే ఒకడున్నాడనిపించి, ఎందుకో కళ్లు చెమర్చాయి. ఆ కార్డు నాకు కావాలి. అంతకంటే కారణం లేదు.

మొదటిసారి పాడినప్పుడు ఏమైందంటే, వేలం కంపెనీ కుర్రాడు ఫోన్‌లో, "మీ మీద ఇంకొకరు పాడారు మేడమ్, మీరు పెంచుతారా?" అన్నాడు. నేను మొహమాటపడి, "పర్లేదండీ, పాపం వాళ్లకే ఇచ్చేయండి," అన్నాను. ఫోన్ పెట్టేశాక గానీ ఏం చేశానో తెలియలేదు. రాత్రి అన్నం సయించలేదు.

పిన్ని ఊరుకోలేదు. "వాడు అడిగాడనీ, నువ్వు ఇచ్చేశావా? నీకు ఇండియన్ స్టోర్‌లో కొత్తిమీర కట్ట కొనడం కూడా రాదే. ఈసారి ఫోన్ చేసినప్పుడు నేను పక్కన కూర్చుంటా," అంది. చాలా నెలలకు అదే ఆటగాడి కార్డు ఇంకొకటి కాటలాగ్‌లో వచ్చింది. అన్నమాట ప్రకారం పిన్ని గడువు రోజు సాయంత్రం పొయ్యి కట్టేసి మరీ వచ్చి పక్కన కూర్చుంది. నేను తటపటాయించినప్పుడల్లా మోచేత్తో పొడిచి, "ఇంకో పాట పాడు, ఊఁ, పాడవే," అనేది. చివరికి కార్డు నాదేనని చెప్పారు. పిన్ని నాకంటే ఎక్కువ సంబరపడింది. కాటలాగ్‌లో బొమ్మ దగ్గరగా పెట్టుకుని చూసి, "ఇంతకీ ఎవరే ఈయన? ఉన్నాడా?" అని అడిగింది.

"లేడు పిన్నీ. పోయి చాలా కాలమైంది."

"అయ్యో పాపం. లక్షణంగా ఉన్నాడు," అంది పిన్ని.

పార్సిల్ నేను ఆఫీసులో ఉండగా వచ్చింది. శుక్రవారం. ఇంట్లో అడుగు పెట్టగానే అగరొత్తుల వాసన. (పిన్ని కోట్లు తగిలించే క్లోజెట్‌ని ఖాళీ చేసి దేవుడి గది చేసుకుంది.) అందులో లక్ష్మీదేవి పటానికి ఆనించి నా ఆటగాడు కూర్చుని ఉన్నాడు. ప్లాస్టిక్ కవరు లేదు. నుదుట తడి పసుపు, దాని మీద గుండ్రంగా కుంకుమ బొట్టు, నెత్తిన చామంతి పువ్వు. తడికి అట్ట ఉబ్బింది. సిగ్గుపడే ఆ నవ్వుకీ ఆ బొట్టుకీ, అచ్చం కొత్త పెళ్లికొడుకులా ఉన్నాడు.

"పిన్నీ, ఏం చేశావు?"

"పోయినాయన ఫోటో అన్నావు కదే. బొట్టు లేకుండా బోసిగా ఎలా ఉంచుతాం? ప్లాస్టిక్ మీద అంటుకోవట్లేదని బయటికి తీశా."

నేను కింద కూర్చుని ఏడ్చాను. పిన్నికి అర్థం కాలేదు, కానీ తనూ పక్కనే కూర్చుంది. సోమవారం ఆఫీసులో చూపిస్తే టోపీ మావయ్య మెల్లగా టోపీ తీసి గుండెల మీద పెట్టుకున్నాడు. ఆయనది పూర్తి బట్టతల అని ఆఫీసు మొత్తానికీ ఆరోజే తెలిసింది.

అప్పటి నా బుర్రకి శుభ్రంగా ఉన్నదే కార్డు. అందుకని దాన్ని తిరిగి ఆ కంపెనీకే వేలానికి పంపేశాను. వాళ్లు కాటలాగ్‌లో యథాప్రకారం నిజాయితీగా రాశారు: "నుదుటి దగ్గర గుండ్రని ఎర్ర మరక, చుట్టూ పసుపు. కారణం తెలియదు." ఎవరో కొనుక్కున్నారు కూడా. తర్వాత ఒక మంచి కార్డు నాకు దొరికింది. మూలలు పదును, రంగు తాజా. సంతోషంగా పిన్నికి చూపించబోతే రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, "వద్దమ్మా, నేను ముట్టుకోను. దూరం నుంచి చూస్తాలే," అంది. అప్పుడు నవ్వాను గానీ, ఆ వెనక్కి పెట్టుకున్న చేతులు ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రాదు.

పిన్ని ఇప్పుడు లేదు. ఆ మంచి కార్డు బీరువాలో ఉంది, ఏడాదికోసారి తీస్తే గొప్ప. కాటలాగులు మాత్రం ఇప్పటికీ తెప్పించుకుంటాను. ఆ ఆటగాడి పేరు కనబడితే చాలు, బొమ్మ చూసి తెలుసుకోవచ్చు గదా అని ఎవరు చెప్పినా వినను, ఫోన్ చేస్తాను. బొట్టు ఎప్పుడూ ఉంగరపు వేలితోనే పెట్టేది పిన్ని, కాస్త గట్టిగా నొక్కి. ఎవరింట్లోనో, ఏ డబ్బాలోనో, ఆవిడ వేలి గుర్తు ఉండే ఉంటుంది.

మొన్న కూడా చేశాను. ఫోన్ ఎత్తిన అమ్మాయి ఎంతో మర్యాదగా మాట్లాడింది.

"నుదుటి మీద ఏమైనా మచ్చ ఉందేమో చూస్తారా అమ్మా?" అన్నాను.

వెళ్లి చూసి వచ్చింది. "లేదు మేడమ్, ఒక్క మచ్చ కూడా లేదు. ఇంత శుభ్రమైన కార్డు దొరకడం కష్టం," అంది, గర్వంగా.

"అయితే నాకొద్దమ్మా," అన్నాను.