ఆకులతో కట్టిన గోడ

పోయిన శుక్రవారం పొద్దున్నే మా పక్కింటి అక్క కొడుకు పాల్వంచ బస్సు దిగి నేరుగా ఖమ్మంలోని మా ఇంటికి వచ్చాడు. చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. "పిన్నీ, అమ్మ పోయింది. తెల్లారి లేపవోతే లేవలె" అన్నాడు. ఫోన్ చేస్తే నేనే వచ్చేదాన్ని కదయ్యా అంటే, "నీకు ఫోన్ల చెప్పబుద్ధి గాలె" అన్నాడు. చిన్నప్పుడు వాణ్ని ఎత్తుకొని తిరిగినదాన్ని నేను. ఆ రోజు వాడే నా చెయ్యి పట్టుకొని బస్సెక్కించాడు.

పక్కింటి అక్క అంటున్నాను గాని మాకు చుట్టరికమేమీ లేదు. ఎనభైల మొదట్లో నేను పెళ్లయి చండ్రుగొండ పక్కనున్న మా ఊరి నుంచి పాల్వంచ కరెంటు ఫ్యాక్టరీ కాలనీకి కాపురానికి వచ్చాను. మా క్వార్టరు పై అంతస్తులో. దాన్ని ఆనుకొనే అక్కావాళ్లది. రెండు బాల్కనీలకూ నడుమ ఒక్క గోడే. నేను దిగిన రోజున అక్క మంచినీళ్ల బిందెతో వచ్చింది. నా పేరు అడగలేదు, ఊరు అడగలేదు. బిందె దించి బాల్కనీలోకి నడిచి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకొని చూసింది. "నీకు గూడ పడమరే వచ్చిందా చెల్లె" అంది, ఏదో జబ్బు వచ్చినవాళ్లను పలకరించినట్టు.

ఆ మాటకు అర్థం ఎండాకాలంలో తెలిసింది. మధ్యాహ్నం దాటితే సూర్యుడు సరాసరి బాల్కనీలోకి దిగేవాడు. గోడ కాలి, గది కాలి, మంచం పట్టె కూడా వేడెక్కేది. ఆడవాళ్లం ఎలాగో మెట్ల మీద నీడ చూసుకొని కూర్చునేవాళ్లం. రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకోవాల్సిన మగవాళ్లకు దారి లేదు. అక్క భర్త, నేను బావగారు అని పిలిచే ఆయన, బాయిలర్ సెక్షన్‌లో పనిచేసేవాడు. తడి తువ్వాలు గుండెల మీద వేసుకొని పడుకునేవాడు. అది ఆరగానే లేచి కూర్చునేవాడు. అక్క గోనెపట్టాలు తడిపి కట్టింది. అవి ఇట్టే ఎండిపోయి, మీద ఫ్యాక్టరీ పొగగొట్టాల బూడిద పేరుకొని, గాలికి ఆ బూడిదంతా గదిలోకే వచ్చేది.

ఒకరోజు డ్యూటీలో ఆయనకు నడుస్తూనే కన్ను మూతపడింది. ఇనుప మెట్ల మీద నుంచి జారి మణికట్టు విరిగింది. ఇంకా నయం, కిందిదాకా పడలేదు. పెద్దాఫీసరు మంచివాడే. ఇంకోసారి ఇలా అయితే నిన్ను ఆ పనిలో ఉంచలేనని, అది నీ ప్రాణానికే ముప్పని చెప్పి పంపాడు. దవాఖానా డాక్టరు కట్టు కట్టి, "దీనికి నా దగ్గర మందు లేదమ్మా. ఆయన్ని నిద్రపోనివ్వండి" అన్నాడు. అక్క వెళ్లి క్వార్టరు మార్చమని అడిగింది. ఖాళీలు లేవన్నారు.

ఆ సాయంత్రం ఆమె బాల్కనీ కటకటాలు పట్టుకొని చాలాసేపు నిలబడింది. నేను ఇవతల నుంచి పలకరించాను.

"ఏం జేస్తవ్ అక్కా?"

"గోడ కడ్త."

"పైన గోడ కట్టనిస్తరా?"

"ఇటుకలతోని కట్టనియ్యరు. ఆకులతోని కడ్త. ఎవరొద్దంటరో జూస్త."

మొదటి ఏడాది ఆమె తనకు ఇష్టమైనవన్నీ పెట్టింది. ఖాళీ నూనె డబ్బాలకు బొక్కలు కొట్టి మల్లె, సొర, చిక్కుడు వేసింది. మల్లె కదల్లేదు. చిక్కుడుకు పేనుబంక పట్టింది. సొర మాత్రం హుషారుగా పాకి, విస్తరాకులంత ఆకులేసి, ఎండలు ముదిరేసరికి రెండు రోజుల్లో వాలిపోయింది. అక్క దాన్ని పీకి వేర్లు ముక్కు దగ్గర పెట్టుకొని చూసింది. "ఉడికినయ్ చెల్లె. రేకు డబ్బా పొయ్యి మీది గిన్నె లెక్క కాలింది" అంది. నాకు ఏడుపొచ్చింది. ఆమెకు రాలేదు. "సచ్చిన మొక్కకు ఏడిస్తే ఏమొస్తది, ఎందుకు సచ్చిందో అడగాలె గని" అని డబ్బాలన్నీ కిందికి చేరవేసింది.

ఆమెది దుమ్ముగూడెం పక్క, గోదారి ఒడ్డు ఊరు. తమ్ముడితో అడవి నుంచి తిప్పతీగ తెప్పించింది. దానికి చావు లేదు. నీళ్లు పోసినా పోయకున్నా పాకింది. వానాకాలమంతా బాల్కనీ పచ్చగా కప్పేసింది. అక్క గెలిచిందనుకున్నాం. ఫాల్గుణం రాగానే ఆకులు పసుపెక్కి ఒక్కటొక్కటే రాలిపోయాయి. ఎండలు మొదలయ్యే వేళకు మిగిలింది ఉత్త తీగ. అక్క చూసి చూసి పగలబడి నవ్వింది. "చలికాలమంత దుప్పటి గప్పుకొని, ఎండలు రాంగనే తీసి పడేసింది ముండ" అంది. ఆ నవ్వు అయిపోయాక, "నాకు కావాల్సింది ఎండల్ల బతికేది గాదు, ఎండల్ల పెరిగేది" అంది. నిజానికి ఆమె తోట ఆ మాటతోనే మొదలైంది.

ఎండలో పెరిగేది మా అమ్మావాళ్ల పెరట్లో ఉంది. దొండ. చలికి ముడుచుకొని, ఎండ ముదిరేకొద్దీ చిగుళ్లేస్తుంది. కాయలు బాగా కాసే తీగ చూసి, పెన్సిలంత లావు ముక్కలు కోయించి, తడిగుడ్డలో చుట్టి బస్సులో నేనే తెచ్చాను. ఈసారి రేకు డబ్బాల జోలికి పోలేదు అక్క. అంచు పగిలిన మట్టి గోలేలు, పండ్ల దుకాణం వాళ్లు పారేసిన చెక్కపెట్టెలు తెచ్చింది. పెట్టెల్లోపల గోనెసంచి పరిచింది. చెరువుమన్ను బరువు, ఎండితే రాయి అవుతుందని, కిన్నెరసాని వాగు ఇసుక, మాగిన పెంట, ఆకులు కుళ్లిన మట్టి, కొబ్బరిపీచు కలిపింది. పాత మంచం నులక విప్పి కటకటాల నుంచి పైకప్పు కొక్కేలదాకా తాళ్లు కట్టింది. దొండ పైకి పాకి కింద బోసిపోతుందని దాని మొదలు దగ్గర బచ్చలి పెట్టింది. గాలి కొట్టే మూలకు శంఖుపుష్పం. లోపలి నీడలో పుదీనా, వామాకు. ఎండ నేరుగా తగిలే అంచున కలబంద, దాన్నెవరూ పట్టించుకోనక్కర్లేదు కాబట్టి. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు ఇద్దరిళ్లవీ వాటికే. సాయంత్రం తడిగుడ్డతో ఆకుల మీది బూడిద తుడిచేది. "దానికి గూడ ఊపిరాడాలె గద" అనేది.

ఆ ఎండాకాలం దొండ అల్లుకుంది. బావగారు మధ్యాహ్నం దాటినా లేవకుండా పడుకోవడం మొదలుపెట్టారు. అంతలోనే కింద ఇంటి పెద్దమ్మ ఎండబెట్టుకున్న వడియాల మీద మన్ను నీళ్లు కారాయి. ఆమె వెళ్లి ఆఫీసులో చెప్పింది. ఆమె కోపంలో తప్పేమీ లేదు. మిట్టమధ్యాహ్నం కాలనీ మరమ్మతులు చూసే ఇన్‌స్పెక్టరు మెట్లెక్కి వచ్చాడు.

"ఈ కుండీలన్నీ రేపటికల్లా దింపాలమ్మా. స్లాబు నెమ్మెక్కుతది" అన్నాడు గట్టిగా.

అక్క పెదవుల మీద వేలు పెట్టుకుంది. "జెర మెల్లగ సారూ. లోపల నైటు డ్యూటీ మనిషి పండుకుండు. దింపుమంటే దింపుత. దానికంటె ముందు ఒక్కసారి చెల్లె ఇంట్లకు రాండ్రి."

ఆయన్ని మా గదిలోకి తీసుకొచ్చి పడమటి గోడ మీద చెయ్యి పెట్టమంది. పెట్టి చటుక్కున తీశాడు. తర్వాత తన ఇంట్లోకి తీసుకెళ్లింది. నేనూ వెనకాలే వెళ్లాను. గదంతా లేతపచ్చని వెలుగు. బావగారు నోరు కొంచెం తెరుచుకొని, అప్పుడు విరిగిన చెయ్యి గుండెల మీద వేసుకొని ఒళ్లెరగక నిద్రపోతున్నారు. ఇన్‌స్పెక్టరు గోడ మీద అరచెయ్యి ఆనించాడు. తియ్యలేదు. "మాది గూడ పడమరేనమ్మా" అన్నాడు గుసగుసగా.

బయటికి వచ్చాక మళ్లీ ఆఫీసు గొంతు తెచ్చుకున్నాడు. "తీగె ఉండనియ్యి. గని చుక్క నీరు కిందికి కారొద్దు. ఇంకొక్క ఫిర్యాదు వచ్చినా నేనే మనుషులను పెట్టి దింపిస్త."

"రానియ్య సారూ" అంది అక్క.

అన్నమాట నిలబెట్టుకుంది. కుండీలన్నింటినీ ఇటుకల మీదికి ఎక్కించింది. కింద చిల్లుపడని పాత తట్టలు పెట్టింది. బకెట్టుతో కుమ్మరించడం మాని, చెంబుతో కొంచెం పోసి, అది ఇంకాక మళ్లీ కొంచెం పోసేది. ఆ వారమే వడియాలు పెట్టి, ఎండబెట్టి, పళ్లెంలో పోసుకొని కింద పెద్దమ్మ ఇంటికి వెళ్లింది. పెద్దమ్మ మొహం ముడుచుకునే తీసుకుంది. అక్క ఆమె ఇంటి పైకప్పు చూసింది, నెమ్ము లేదని నిర్ధారించుకుంది. తర్వాత ఒక దొండతీగను కటకటాల సందులోంచి ఆమె వాకిలి మీదికి వదిలింది. శ్రావణం వచ్చేసరికి పెద్దమ్మ కింద నుంచి అరిచేది. "ఏందే పిల్లా, కింద వేలాడేటియి నావి! పైనయ్యే కోసుకో!"

ఆ మరుసటి ఏడు నాకు బిడ్డ పుట్టింది. అమ్మ వద్దంటున్నా మంచి ఎండల్లో పసిదాన్ని తీసుకొని తిరిగొచ్చాను. మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. తాళం తీసి లోపలికి అడుగుపెడుతూనే వేరే ఇంటికి వచ్చాననుకున్నాను. నేను లేని నెలల్లో అక్క తన తీగను నడిమి గోడ మీదుగా మా బాల్కనీకి పాకించింది. మా కొక్కేలకు కూడా తాళ్లన్నీ కట్టేసి ఉన్నాయి. గది చల్లగా ఉంది. "పసిపిల్లకు చెమటకాయలు లేస్తయని" అంది. ఆ ఎండాకాలం నా బిడ్డ ఆ నీడలోనే బోర్లా పడింది.

తర్వాత కాలనీలో చాలామంది తీగముక్కలు అడగడానికి వచ్చేవారు. అక్క ఊరికే ఇచ్చేది కాదు. వాళ్లింటికి వెళ్లి, ఎండ ఏ వేళ నుంచి ఏ వేళదాకా పడుతుందో చూసేది. గాలి ఎటునుంచో చూసేది. మీరు ఊరికి వెళ్తే నీళ్లు ఎవరు పోస్తారని అడిగేది. పువ్వు చూసి మనసు పడ్డవాళ్లను అక్కడే ఆపేది. "మొక్కను జూసి మురువకు, ముందు నీ ఎండను జూడు. అది ఏది రమ్మంటదో అదే వస్తది" అనేది. రాధామనోహరం అడిగినవాళ్లకు, అది చెట్టంత తీగ, చిన్న కుండీలో పెట్టి దాని ఉసురు పోసుకోకండని చెప్పేది. నెలలో సగం రోజులు ఊళ్లలో ఉండేవాళ్లకు కలబంద చేతిలో పెట్టి పంపేది. వాళ్లు చిన్నబుచ్చుకున్నా ఆమె మారేది కాదు.

బావగారు ఆ బాయిలర్ సెక్షన్‌లోనే చివరిదాకా పనిచేసి రిటైరయ్యారు. డ్యూటీలో మళ్లీ ఒక్క కునుకు తీయలేదు. ఊరి చివర చిన్న ఇల్లు కట్టుకున్నారు. నేలంతా ఉంది కదా, ఇంకా కుండీలెందుకు అక్కా అంటే, "పడమర దిక్కు అరుగుంది గద చెల్లె. అరుగు మీద గోలెం గాక ఏం బెడ్తవ్?" అంది.

శుక్రవారం నేను వెళ్లేసరికి బావగారు ఆ అరుగు మీదే కూర్చొని ఉన్నారు. నన్ను చూసి కొంచెం పక్కకు జరిగారు. "ఆమె ఉన్నన్ని దినాలు నాకు నిద్రకు కరువు లేకుండె" అన్నారు. నేను ఆయన పక్కన కూర్చున్నాను.

నేను ఆమెను చివరిసారి చూసింది మొన్నటి వానాకాలంలో. గుండె బాగాలేదని, బరువు ఎత్తొద్దని, చేతులు పైకి చాపే పని చేయొద్దని డాక్టరు చెప్పాడట. నేను వెళ్లేసరికి ముక్కాలిపీట మీద కూర్చొని కొత్త బీరతీగకు వెదురు పందిరి కట్టిస్తోంది. కట్టేవాడికి ముడి ఎక్కడ వేయాలో చెబుతోంది, ఆయాసపడుతోంది, ఆగి మళ్లీ చెబుతోంది. లోపలికి పోయి పడుకో అక్కా అన్నాను. "కట్టుడు గానియ్యి" అంది. పని అయ్యాక ఇద్దరం అక్కడే కూర్చున్నాం. తీగ చివర ఒక సన్నని నులితీగ గాలిలో అటూ ఇటూ ఊగుతూ పట్టు కోసం వెతుకుతోంది. అక్క చూపుడువేలు చాపి దాని పక్కన నిలిపింది. నాతో మాట్లాడుతూనే ఉంది గాని ఆ వేలు కదపలేదు. కాసేపటికి ఆ నులితీగ కొన వంగి, మెల్లగా ఆమె వేలికి ఒక చుట్టు చుట్టుకుంది.