కాక చెవి

మా పక్క క్వార్టర్ కాక పోయాడని మొన్న ఆదివారం పొద్దున ఫోన్ వచ్చింది. గోదావరిఖని బొగ్గుబాయిలో ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి, దవాఖానలో నాలుగు రోజులు కూడా లేడు. ఇప్పుడు నాకు ఏడుపుతో పాటు సిగ్గు కూడా వస్తోంది. ఎందుకో చెబుతాను.

బాయిలో కాక పని పైకప్పు చూడటం. కర్రతో కొట్టి వినేవాడు. ఖంగుమంటే గట్టిది, బోలుగా మోగితే అందరినీ వెనక్కి పంపేవాడు. "కండ్లు మోసం జేస్తయి బిడ్డా, చెవి జెయ్యది" అనేవాడు. రిటైరయ్యాక కూడా అలవాటు పోలేదు. మా ఇంటికి కొత్త తలుపు పెడితే వేలితో కొట్టి విన్నాకే చాయ్ తాగాడు.

కాక భార్యను నేను చిన్నమ్మ అనేవాణ్ణి. ఆమె పోయి పదేళ్లు. పెళ్లైన కొత్తలో ఆమె ఇంట్లో పాడిన చర్చి పాటలు ఒక్క క్యాసెట్లో మిగిలాయి. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి, కాక ఫోన్లో వేసిచ్చాను. మర్నాడే ఆ రీలు తెగిపోయింది.

వారానికి కాక వచ్చాడు. "పాటలున్నయి గని, పాటకు పాటకు నడుమ ఏందో పోయింది బిడ్డా." ఏం పోయిందంటే మాత్రం సిగ్గుపడ్డట్టు తల దించుకున్నాడు.

కంప్యూటర్ చదివినవాణ్ణి కదా, నవ్వాను. "ఫైలుల ఒక్క సున్నా గూడ మారది కాకా. బాయిల మోతలకు నీ చెవులే పోయినయి."

"గట్లనా" అని వెళ్లిపోయాడు. మళ్లీ అడగలేదు. సాయంత్రాలు గడపలో కూర్చుని వింటూ, ఒక పాట ముగియగానే తలెత్తి ఫోను వైపు చూసేవాడు. అప్పటికే రెండో పాట మొదలయ్యేది.

సమాధి అయిన మర్నాడు ఆయన బిడ్డ ఆ ఫోను తెచ్చింది. "అన్నా, అమ్మ పాటలు నాకు గూడ ఎక్కియ్యవా?"

ఫైలు మారలేదు, నేనన్నది నిజమే. కానీ పాటలు వినిపించే యాప్‌లో, చప్పుడు తగ్గిన చోటల్లా దాటేసే సెట్టింగు ఆన్‌లో ఉంది. పాటల మధ్య ఆగడం ఎందుకని నేనే పెట్టాను. కాక అడిగిన రోజు ఆయన పక్కన కూర్చుని ఒక్కసారి వింటే సరిపోయేది. వినలేదు.

ఆ సెట్టింగు తీసేసి పాటలు పెట్టాను. మొదటి పాట ముగిసింది. కాసేపు టేపు గరగర. తర్వాత చిన్నమ్మ గొంతు, చాలా మెల్లగా, "వింటున్నవా, పండుకున్నవా?"

వెంటనే కాక, అప్పటి పడుచు గొంతుతో, అంతే మెల్లగా, "వింటున్ననే. పాడు."