బొటనవేలి కింది సగం

మా కణేకల్ పాస్టరయ్య ప్రతి ఆదివారం బైబిల్లోని ఒకే వాక్యం తీసి, అందులో దేవుడి కనికరం వరకే చదివేవాడు. తండ్రుల దోషం నాలుగు తరాల దాకా పిల్లల్ని వెంటాడుతుందనే సగాన్ని బొటనవేలితో మూసేవాడు. పదకొండు ఆదివారాలు లెక్కపెట్టి, ఆరాధన మధ్యలోనే అడిగాను.

"ఏమయ్యగారూ, మాకు సగం దేవుణ్ణే చూపిస్తాండారు?"

"అయితే నువ్వే సదువు పెద్దమ్మా," అని బైబిలు చేతికిచ్చాడు.

అందరికీ వినపడేలా మొత్తం చదివాను. పొరుగువాళ్ల బోరులో రాళ్లు వేసిన మనిషి కూతురు, జ్వరంతో ఉన్న బిడ్డతో ముందు వరసలో కూర్చుని ఉంది. "మా నాయన చేసింది దీనికి తగిలిందా?" అంటూ లేచి వెళ్లిపోయింది. పాస్టరయ్య చెప్పుల్లేకుండా ఎండలో ఆమె వెంటపడి, ఒక్కడే తిరిగొచ్చి నన్నడిగాడు.

"కోపం నాలుగు తరాలకి, కనికరం వేల తరాలకి. లెక్కల మనిషివి గదా, ఏది పెద్దది?"

ఆ ముక్క మొదటి ఆదివారమే చెప్పడానికి ఆయనకేం అడ్డమొచ్చింది? ఆయన బదిలీ అయ్యేనాటికి ఆమె రాని ఆదివారాలు తొమ్మిది.