రేటు పడిపోయిందక్కా

కన్నతండ్రి గుండెను కాపాడబోయి, దాన్ని వారం రోజులపాటు పరుగులు పెట్టించిన కొడుకును మీరెక్కడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి. నాలుగేళ్ల కిందటి సంగతి. ఇప్పుడు నవ్వుతున్నాను గానీ, అప్పుడు నాకు అన్నం సయించలేదు.

మాది బోధన్ దగ్గర పల్లె. బాపుకు గుండెపోటు వచ్చి, నిజామాబాద్‌లో వారం రోజులు ఆసుపత్రిలో ఉండి ఇంటికొచ్చాడు. వచ్చేముందు డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి చెప్పింది: "హార్ట్ రేటు తగ్గాలె. గుండె నిమ్మలంగ కొట్టుకుంటె దానికి ఆరాం దొరుకుతది. మూసుకపోయిన రక్తపు నరం పక్కపొంటి సన్నయి కొత్తయి మొలువొచ్చు." చివరి మాటొక్కటే చెవినపడి, చెరుకు కొట్టినంక పిలకలొచ్చినట్టా అని బాపు మంచం మీది నుంచి అడిగాడు. అట్లనే అనుకొమ్మంది ఆమె. అరవై దగ్గర ఉంటే మంచిదని, మనిషికి ఫికరు, దిగులు మాత్రం పెట్టొద్దని నన్ను హెచ్చరించింది.

బాపుకున్న ఒకే ఒక్క ఫికరు పసుపు. ఆ యేటి పంటను సరైన రేటు రాలేదని అమ్మకుండా దాచి ఉంచాడు. అందుకని నేను ఇంట్లో పసుపు మాటనే నిషేధించాను. పేపరు మాన్పించాను. మార్కెట్ కబుర్లు మోసుకొచ్చే ఆయన దోస్తులకు గేటు దగ్గరే చాయ్ పోసి పంపేశాను. కూరలో పసుపు వేయాలన్నా మా ఆవిడ నన్ను అడగాల్సి వచ్చింది.

ఇక పొద్దున లేస్తే బాపు వేలికి నాడి చూసే మిషన్ పెట్టడం, అంకె చూడడం, వేల్పూర్‌లో ఉన్న అక్కకు ఫోన్ చేయడం. అంకె వింటే బాపు భయపడతాడని, వాకిట్లోకి పోయి దాన్ని మాత్రం గుసగుసగా చెప్పేవాణ్ని. మిగతాదంతా నా మామూలు గొంతుతోనే. నా మామూలు గొంతు పక్క గల్లీకి వినిపిస్తుంది.

"రేటు తగ్గిందక్కా. ఇంక తగ్గాలె."

ఆ సంతోషంలో మళ్లీ మిషన్ పెడితే అంకె ఇరవై పెరిగి ఉండేది. రేటు మళ్లీ లేచిందక్కా, నాకు ఏడుపొస్తుందని ఇంకో ఫోన్. అరగంటకు చూస్తే దిగేది. నేను సంబరపడగానే ఎక్కేది. మిషన్ చెడిందేమోనని కొత్తది కొన్నాను, అదీ అదే పాట పాడింది. బాపు నన్నే చూసేవాడు. లోపల ఏదో నొప్పి దాస్తున్నాడని నాకు భయం రెట్టింపయింది.

ఎనిమిదో రోజు యాభై ఎనిమిది వచ్చింది. నేను వాకిట్లో గంతేశాను.

"అక్కా, రేటు పడిపోయింది. ఇట్లనే ఉండాలె. దేవుడు సల్లగ సూసిండు."

నవ్వుకుంటూ లోపలికి వచ్చేసరికి బాపు మంచం మీద కూర్చొని చెమటలు కక్కుతున్నాడు. మిషన్ నూట పన్నెండు చూపింది. పక్కింటి వాళ్ల కారులో నిజామాబాద్ చేరేదాకా నేను ఆయన చెయ్యి వదల్లేదు. బాపు లేని ఇల్లు కళ్ల ముందు కదిలి, దారంతా ఏడ్చాను.

డాక్టరమ్మ ఈసీజీ తీసి, భయం లేదంది. మనసులో ఏం పెట్టుకున్నావని బాపునే అడిగింది. ఆయన నావైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"పసుపు రేటు సంగతి రోజు నా బిడ్డకు ఫోన్ల జెప్తుండమ్మ వీడు. రేటు పడ్డదంటె నా పానం అదురుతది, లేసిందంటె నిమ్మలమైతది. గని వీడు రేటు పడ్తె నవ్వుతుండు, లేస్తె ఏడుస్తుండు. పసుపు పోతె పోనియ్యి. నా గుండెపోటుకు పోరని దిమాఖ్ ఖరాబైందని నా ఫికరు. వీనికి మంచి డాక్టరుంటె జెప్పు, సూపెడ్త."

డాక్టరమ్మ బల్ల పట్టుకొని నవ్వింది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వారం రోజులుగా ఆ మనిషి తన గుండె సంగతి వదిలేసి నా గురించి దిగులు పడ్డాడు.

బాపు గుండెకు సంబంధించి రేటు అనే మాట ఈ జన్మలో ఎత్తనని ఆసుపత్రి మెట్ల మీద ప్రమాణం చేశాను. నిలబెట్టుకున్నాను కూడా. మరునాడు పొద్దున వాకిట్లో నిలబడి అక్కకు, "ఇయ్యాల బాపుకు అరవై దెబ్బలు పడ్డయి, నిమ్మలంగున్నడు" అని చెప్పాను. పక్కింటి అవ్వ కట్టె పట్టుకొని నా మీదికొచ్చింది.

అందుకని రెండో ప్రమాణం కూడా చేయాల్సి వచ్చింది: బాపు గుండె గురించి ఈ నోటితో ఏ కబురూ చెప్పను. అక్కకు ఇప్పుడు రోజూ బాపే ఫోన్ చేసి చెప్పుకుంటాడు.