రెండో తాళంచెవి

ఆ రోజుల్లో నాకు కోపం రావడానికి కారణం అంటూ అక్కర్లేదు. ముందు కోపం వచ్చేది, కారణం తర్వాత తీరిగ్గా వెతుక్కునేవాణ్ణి. ఇరవై మూడేళ్ల వయసు. తెలంగాణ వచ్చిన కొత్త, ఇక అన్నీ మంచిరోజులే అని అందరూ అనుకుంటున్న కాలం. నా మంచిరోజు మాత్రం ఒక పాత తెల్లకారు రూపంలో వచ్చింది. ముందు బంపరుకు సొట్ట, నంబరు ప్లేటు మీద ఇంకా పాత రాష్ట్రం అక్షరాలు. భువనగిరి గుట్ట కనిపించేంత దగ్గర్లో ఉన్న మా ఊళ్లో, మా నేతవాళ్ల వాడలో, అదే మొదటి కారు. దాన్ని కిరాయికి తిప్పుకుని బతుకుతానని, మగ్గం మీద ఇక కూర్చోనని నేను ప్రకటించిన రోజు నుంచి మా బాపు నాతో మాట్లాడటం మానేశాడు. ఆయన మానేశాడు కాబట్టి నేనూ మానేశాను. (ముందు ఎవరు మానేశారన్న విషయంలో మా అమ్మ వేరేగా చెబుతుంది. దాన్ని నేను ఇప్పటికీ ఒప్పుకోను.)

మానేసే ముందు బాపు అన్న చివరి మాట నాకు ముల్లులా దిగింది. "మగ్గం మీద కూసుంటే నడుము నొస్తదంటివి, సరే పో. గని ఆ డబ్బ కారు చాబి నీ దగ్గర నెల రోజులు నిలిస్తే నన్నడుగు" అన్నాడు. అందులో అబద్ధం లేదు, అందుకే అంత మండింది. పెన్నులు, తువ్వాళ్లు, బస్సు పాసు, ఒకసారి ఒక కాలి చెప్పు, ఏదీ నా దగ్గర నిలిచింది కాదు. అయినా పంతం పట్టి ఐదు నెలలు ఆ తాళంచెవిని కంటికి రెప్పలా కాపాడుకున్నాను. రోజూ పొద్దున దాని రింగు వేలికి తగిలించుకుని, మగ్గం ముందు నుంచి గలగలలాడించుకుంటూ పోయేవాణ్ణి. ఆయన తలెత్తేవాడు కాదు. తలెత్తనందుకు మళ్లీ కోపం.

మా ఇద్దరి నడుమ నలిగింది అమ్మ. బాపు నాకు రెండు బారల దూరంలో కూర్చుని ఉండగానే "అమ్మా, ఆయనను బువ్వకు రమ్మను" అనేవాణ్ణి. ఆయన "నాకు జరసేపు ఆగి అని చెప్పు" అనేవాడు. అమ్మ కండెలు చుట్టే రాట్నం ఆపి, "నా నోరు మీ ఇద్దరికి కిరాయికిచ్చిన్నా?" అని అడిగేది. మేమిద్దరం జవాబు చెప్పేవాళ్లం కాదు. ఆ ఒక్క విషయంలో మాత్రం మాకు ఐకమత్యం ఉండేది.

అలాంటి రోజుల్లో నాకు మొదటి పెండ్లి కిరాయి దొరికింది. అంతకుముందు నా బండి ఎక్కినవాళ్లంతా దవాఖానకు పోయేవాళ్లు, లేదంటే బస్సు తప్పినవాళ్లు. ఇప్పుడు భువనగిరి నుంచి పెండ్లికొడుకును నల్లగొండ తీసుకుపోవాలి. పెత్తనమంతా పెండ్లికొడుకు మేనమామది. ఆయన ముందే చెప్పాడు: "పొద్దుగాల ఎనిమిది గొట్టంగ బండి మా ఇంటి ముందట ఉండాలె. ముహూర్తం పదకొండున్నరకు. నువ్వు లేటు జేసినవనుకో, భువనగిరిల నీ బండిని మల్ల ఎవ్వడు పిలువడు." పిలవకుండా చూసే శక్తి ఆయనకు ఉంది. బజార్లో సగం మంది ఆయనకు బావలు, మిగతా సగం బావమరదులు. ఈ ఒక్క పెండ్లి సవ్యంగా జరిగితే సీజనంతా పని. జరగకపోతే మళ్లీ మగ్గం కింద కాళ్లు పెట్టుకునే గుంతలోకి దిగడమే, అదీ బాపు చూస్తుండగా.

పెండ్లి రోజు తెల్లవారుజామునే లేచి బండి కడిగాను. పూలు కూడా నేనే కట్టాను. నేతవాళ్ల ఇంట్లో పుట్టినవాడికి పూలు కట్టడం ఒకరు నేర్పాలా అని పొగరు. బంతిపూల దండలు బానెట్ మీద అడ్డంగా, నిలువుగా, ఒక్క పోగు జారకుండా ముడి మీద ముడి వేసి బిగించాను. ఏడు గంటలకు పని ముగించి, వెనక్కి జరిగి, చూసుకుని మురిసిపోయి, జేబులో చెయ్యి పెట్టాను. తాళంచెవి లేదు.

రెండో జేబులో లేదు. విప్పేసిన చొక్కాలో లేదు. కారు తలుపులకు తాళం వేసి ఉంది, అద్దంలోంచి తొంగి చూస్తే లోపల కూడా ఎక్కడా కనబడలేదు. బకెట్టు బోర్లించాను, కారు కింద బోర్లా పడుకున్నాను, మురికి కాలవలో చెయ్యి పెట్టాను. అరికాలి మంట నెత్తికెక్కింది. అప్పుడు గుర్తొచ్చింది, కారు కొన్నప్పుడు పాత ఓనరు రెండు తాళంచెవులు ఇచ్చాడు. రెండోదాన్ని అమ్మ దేవుని గూట్లో, కుంకుమ డబ్బా పక్కన, రేకు డబ్బాలో పెట్టింది. పరుగెత్తుకుంటూ పోయి డబ్బా మూత తీశాను. వత్తులున్నాయి, కర్పూరం ఉంది, మా తాత కాలం నాటి రేషన్ కార్డు ఉంది. తాళంచెవి లేదు.

"గా డబ్బలనే పెట్టిన బిడ్డా" అంది అమ్మ.

"డబ్బల పెడితే ఏడికి పోయింది, రెక్కలొచ్చి ఎగిరిపోయిందా?" అన్నాను. అయితే ఆ మాట అనాల్సినట్టు అనలేకపోయాను, గుసగుసగా అన్నాను. ఎందుకంటే పక్క అర్రలో బాపు మగ్గం ఆడిస్తున్నాడు. తాళంచెవి పోయిందని ఆయన చెవిన పడితే నా ఐదు నెలల పంతం గంగలో కలుస్తుంది. పట్టరాని కోపాన్ని గుసగుసగా వెళ్లగక్కడం ఎంత కష్టమో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. మగ్గం టక్కుమన్నప్పుడల్లా ఒక మాట తిట్టేవాణ్ణి, చప్పుడు ఆగితే నేనూ ఆగేవాణ్ణి. ఆయన నేతకు తాళం వేసినట్టుగా సాగింది నా తిట్ల దండకం.

"మీ బాపును ఒక్క మాట అడుగుత" అంది అమ్మ.

"అడిగినవంటే ఈ ఇంట్ల నేను బువ్వ తిన."

"ఇప్పుడు తింటలేవు గద, పొద్దటి నుంచి నా పానం తింటున్నవు" అని ఆమె కూడా గుసగుసగానే అని, బియ్యం గుమ్మిలో చెయ్యి పెట్టి కలియబెట్టసాగింది. నేను బొంతలు దులిపాను. కండెల గంప గుమ్మరించాను. చివరికి మగ్గం ఉన్న అర్రలోకి కూడా పోయాను, ఏదో నూలు కోసం వచ్చినవాడిలా ముఖం పెట్టి. మగ్గం వెనక సాగదీసి ఉన్న పడుగు పోగుల కింద నుంచి వంగి పాకుతుంటే, ఠంగుమని ఏదో నుదుటికి తగిలింది. (అంచు పోగులు వదులైతే బట్ట వంకర పోతుంది. అందుకని నేతవాళ్లు వెనకాల ఆ పోగులకు చిన్న బరువేదో కట్టి వేలాడదీస్తారు. మా ఇంట్లో ఎప్పుడూ సైకిల్ నట్టు కట్టేవాళ్లు.) దాన్ని పక్కకు తోసి, లోలోపల తిట్టుకుని, నుదురు రుద్దుకుంటూ ముందుకు పాకాను. గుంతలో బాపు కాళ్లు ఒక్క క్షణం ఆగి, మళ్లీ ఆడాయి.

అంతలో జేబులో ఫోను మోగింది. మేనమామ.

"బయలెల్లినవా?"

"ఎల్లిన మామా. తోవల ఉన్న."

"మరి మగ్గం చప్పుడొస్తాందేంది?"

నాకు తడబడటానికి కూడా వ్యవధి లేదు. "బండిదే మామా, జర పాత ఇంజను" అన్నాను.

"గసుంటి బండిల పెండ్లికొడుకును తోల్కపోతవా? పైసలిచ్చి మరీ తోవల ఆగిపోయేటట్టున్నది. పావుగంటల నువ్వు మా ఇంటి ముందట కనవడకపోతే నేను వేరే బండి మాట్లాడుకుంట" అని పెట్టేశాడు.

ఇక నా వల్ల కాలేదు. పొద్దటి నుంచి గొంతులో కుక్కుకున్న గుసగుసలన్నీ ఒక్కసారి బయటపడ్డాయి. తువ్వాలు నేలకేసి కొట్టి, వాడంతా వినేట్టు అరిచాను: "ఈ ఇంట్ల ఒక్క వస్తువు పెట్టిన జాగల ఉండదు. ఒక్క మనిషికి సోయి ఉండదు. చాబి పోయింది, నా కిరాయి పోయింది, నా బతుకు పోయింది. ఇగ అందరు సంబురం జేసుకోండ్రి."

మగ్గం ఆగింది.

బాపు గుంతలోంచి మెల్లగా లేచాడు. మోకాళ్లు సవరించుకున్నాడు. మగ్గం వెనక్కి పోయి, వంగి, అంచు పోగుల కొసన వేలాడుతున్నదాన్ని విప్పాడు. దాని జాగాలో, పక్కన గోడ గూట్లోంచి ఒక సైకిల్ నట్టు తీసి కట్టాడు. ముడి సరిగ్గా పడిందా లేదా అని ఒకటికి రెండుసార్లు లాగి చూశాడు. నా పావుగంటలో అది ఎంత తినేసిందో నాకు తెలుసు. తర్వాత అర్ర బయటికి వచ్చి, చేతిలో ఉన్నది అమ్మకిచ్చి, "గిది గానికియ్యి" అన్నాడు. రెండో తాళంచెవి.

ఐదు నెలల మౌనం అక్కడ తెగిపోయింది. నేనే తెంపాను. "నీ దగ్గర పెట్టుకొని, ఇంతసేపు నేను కుక్కోలె తిరుగుతుంటే సూస్తనే కూసున్నవా?"

"నువ్వు నన్నడిగినవా?" అన్నాడు బాపు.

"అది నా నెత్తికి తాకింది. అప్పుడన్న చెప్పొద్దా?"

"నెత్తికి తాకింది నీకే గద. కండ్లు దాని కిందనే ఉంటయి."

అమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది. ఆమె నవ్వుతోందని నాకు వీపు చూస్తేనే తెలిసిపోయింది, దాంతో ఒళ్లు ఇంకా మండింది. "అసలు నీ మగ్గానికి నా చాబి ఎందుకు కట్టినవ్?" అని అరిచాను. ఆయన మాత్రం గొంతు పెంచలేదు. "డబ్బల ఉంటే మీ అమ్మ మరుస్తది. నీ జేబుల ఉంటే నువ్వు పారేస్తవు. మగ్గం మీద ఉన్నది నేను మర్వ" అని, మళ్లీ గుంతలోకి దిగి, అడ్డపోగు నేసే నాడె చేతిలోకి తీసుకున్నాడు.

నేను ఆ మాట అర్థం చేసుకునే స్థితిలో లేను. తలుపు ధడేల్‌మని వేసి బండి ఉరికించాను. మేనమామ వాకిట్లోనే నిలబడి ఉన్నాడు, ఫోను చెవి దగ్గర పెట్టుకుని వేరే బండి మాట్లాడుతున్నాడు. నన్ను చూసి ఫోను దించాడు కాని చూపు దించలేదు. నల్లగొండ చేరేదాకా ముందు సీట్లో కూర్చుని ఇంజను చప్పుడు వింటూనే ఉన్నాడు. అందులో మగ్గం చప్పుడు రాకపోయేసరికి నా మీద అనుమానం ఇంకా పెరిగినట్టుంది. ఏమైతేనేం, ముహూర్తానికి పావుగంట ముందే పెండ్లికొడుకును దించాను. తిరిగి వచ్చేటప్పుడు పెండ్లికూతురిని కూడా ఎక్కించుకుని, ఇద్దరినీ భువనగిరిలో దింపాను. మేనమామ దిగేటప్పుడు, "ఎల్లుండి మా బావమరిది ఇంట్ల లగ్గమున్నది, పొద్దుగాల రా. ఫోన్ల మాత్రం అబద్ధాలాడకు" అన్నాడు.

ఇంటి ముందు బండి ఆపి, వాడిపోయిన దండలు తీసేయడం మొదలుపెట్టాను. నేను వేసిన ముడులు విప్పడం నాకే రాలేదు, కత్తెరతో కోయాల్సి వచ్చింది. బానెట్ నడుమ ముడి కోసినప్పుడు బంతి రేకల్లోంచి మొదటి తాళంచెవి జారి పడింది. దారం తెంపడానికి దాని పళ్లు వాడి, అది దండ మీద ఉండగానే పైనుంచి ముడులు బిగించేశానన్నమాట. నల్లగొండ దాకా పోయి వచ్చినంతసేపూ అది నా కళ్ల ముందే, అద్దానికి అవతల, పూలలో కూర్చుని వచ్చింది. తిట్టడానికి ఎవరి తప్పన్నా ఉందా అని వెతికాను. నాది తప్ప ఎవరిదీ లేదు. అంత కోపం పెట్టుకుని అంత నిస్సహాయంగా నేను ఎప్పుడూ నిలబడలేదు. గబగబా దాన్ని జేబులో వేసుకుని, ఈ సంగతి చచ్చినా ఎవరికీ చెప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాను. (ఇవాళ్టి దాకా చెప్పలేదు కూడా.)

తలెత్తితే అరుగు మీద బాపు కూర్చుని ఉన్నాడు. చూశాడో లేదో తెలియదు.

"లగ్గానికి అందినవా?" అని అడిగాడు. అమ్మతో కాదు, నాతో.

"అందిన" అన్నాను. ఆ ఒక్క ముక్క కూడా చిరచిరలాడుతూ అని, లోపలికి పోయి పడుకున్నాను.

ఇప్పుడు నాకు మూడు బండ్లు, జుట్టులో కొంచెం తెలుపు. కోపం చాలావరకు అరిగిపోయింది. ఆ ఇరవై మూడేళ్లవాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, చెవి మెలిపెట్టి వెనక్కి లాక్కొచ్చి అరుగు మీద కూలేయాలనిపిస్తుంది. చెప్పడానికి ఎన్ని లేవు. మేనమామ ఇంజను చప్పుడు వినడం, విడిదింట్లో నాకు పెట్టిన బూరెలు, పెండ్లికూతురు కట్టుకున్న చీర అంచు ఎవరి మగ్గం నేతో. కాని నా మనసు పోయేది ఆ అరుగు మీదికే. నేతవాళ్లు వెలుతురు ఉన్నంతసేపు మగ్గం మీంచి లేవరు. ఆ సాయంత్రం ఇంకా ఎండ పోలేదు, అయినా మా బాపు మగ్గం ఆపి, కాళ్లు కడుక్కుని, అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు. ఎందుకు కూర్చున్నాడో నాకు తట్టడానికి చాలా ఏళ్లు పట్టింది.